నచ్చిన పిల్లల పుస్తకాలు ఏరుకోవడం: 3వ పాఠం – వడపోత

రెండో పాఠం అయ్యేసరికి మీకు నచ్చిన పిల్లల పుస్తకాల పేర్లు రాసిన అట్టముక్కలు, పుస్తకానికొకటి చొప్పున, మీ దగ్గర 40 దాకా పోగై ఉండాలి. ఇప్పుడు వాటిని 20కి తగ్గించి, ఇతరులకు సూచించే జాబితా చేద్దాం.

ఈ నెలలో మళ్లీ చదవని పుస్తకం ఏదీ జాబితాలో ఉండకూడదు. చిన్నప్పటి ఇష్టంలో వేసవి సెలవులూ, చదివి వినిపించిన అమ్మమ్మ గొంతూ కలిసిపోయి ఉంటాయి. అందులో పుస్తకం వాటా ఎంతో మళ్లీ చదివితేనే తేలుతుంది. దొరకని పుస్తకాల అట్టముక్కలు పారేయకండి, వేరే కవరులో దాచండి.

చాలామంది మొదట రాసే పేరు 'చందమామ'. 1947 జులైలో మొదలై దశాబ్దాల పాటు నడిచిన పత్రిక అది. ఉత్త పేరు రాస్తే ఎవరు ఏం వెతుక్కుంటారు? ఏ నెల, ఏ ఏడు సంచిక, అందులో ఏ కథ అన్నది రాయండి. అనువాదమైతే అనువాదకుల పేరు, ప్రచురణ సంస్థ, ముద్రణ సంవత్సరం తప్పనిసరి. లేకపోతే మీరు మెచ్చింది పూర్తి పుస్తకం, అవతలివాళ్లు కొనేది కుదించింది అవుతుంది.

అసలు పరీక్ష పైకి చదవడం. మొదటి పేజీ, మధ్యలో రెండు పేజీలు చదవండి. నాలుక తడబడిన ప్రతిచోటుకీ విడి కాగితం మీద ఒక చుక్క పెట్టండి. ఐదు దాటితే పుస్తకం పక్కకి. ఎక్కువ చుక్కలు 'రాజుచే పిలువబడిన మంత్రి' లాంటి వాక్యాల దగ్గరే పడతాయి. 'రాజు మంత్రిని పిలిచాడు' అంటే మూడేళ్ల పిల్లకీ తెలుస్తుంది. ఒక జాగ్రత్త: మీది గుంటూరై, కథ కరీంనగర్ మాటలో ఉంటే మొదటిసారి తడబాటు సహజం. అలాంటివి రెండోసారి చదివాకే లెక్కపెట్టండి. కొత్త యాస అని మంచి పుస్తకాన్ని పోగొట్టుకోవద్దు.

తర్వాత అచ్చు చూడండి. 'రాష్ట్రం'లో ఒకే అక్షరానికి రెండు ఒత్తులు. వరుసల మధ్య చోటు చాలకపోతే అవి కింది వరుస గుడులకు తగులుతాయి, ఏది ఎవరిదో కొత్తగా చదివే పిల్లలకు అంతుపట్టదు. పుస్తకాన్ని చేయి చాచి పట్టుకోండి. వరుసకీ వరుసకీ మధ్య తెల్లటి దారి కనిపించాలి.

నీతికథలైతే చివరి నీతివాక్యాన్ని వేలితో మూసి చదవండి. అది లేకుండా కథ నిలబడితే ఉంచండి.

మిగిలినవాటిని వయసువారీగా నేలమీద పరవండి. సాధారణంగా ఎనిమిది, పదేళ్ల దగ్గర గుట్టపడి, మూడేళ్ల వైపు ఖాళీగా ఉంటుంది. కనీసం ఐదు బొమ్మల పుస్తకాలు, రెండు గేయాల పుస్తకాలు ఉండేలా సర్దండి. 'బుడుగు'లో గొంతు చిన్నపిల్లాడిదే అయినా చాలా చమత్కారాలు పెద్దవాళ్లకే అందుతాయి. కాబట్టి దాన్ని పన్నెండేళ్ల పైవాళ్ల వరుసలో పెట్టడం మేలు.

వచ్చే పాఠానికి ఒక్కో అట్టముక్క వెనక ఆ పుస్తకం ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాసి ఉంచండి. 'చాలా బాగుంది' అన్న మాట వాడకుండా.