చిన్న రివాల్వర్ తన్నుడికి సైకిల్ ట్యూబ్ మందు
అర కిలో బరువున్న, .32 సైజు తూటాల రివాల్వర్. ఆరు తూటాలు పేల్చేసరికి బొటనవేలి సందు మండిపోయేది, ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు వెనకంచు నడిమివేలి కణుపును చితక్కొట్టేది. తుపాకీ బరువు సగమైతే అదే తూటాకి వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుద్ది. పిడి సన్నమైతే దెబ్బంతా ఒక్కచోటే.

ముందు తూటాలన్నీ తీసి, సిలిండర్ గదులు రెండుసార్లు చూశా. ఒంగోలు సైకిల్ షాపులో పాత ట్యూబ్ ఊరికే ఇచ్చారు. మూడంగుళాలు కోసి, ట్యూబ్ లోపలి పౌడరు కడిగి, సబ్బునీళ్లు పిడికి పల్చగా రాసి కిందనుంచి ఎక్కించా. తడి లోపలికి దిగితే తుప్పే. మరీ పైకి లాగితే తూటాను పేల్చే సుత్తికి అడ్డం. ఆరాక ఇక జారలా.

కణుపు నొప్పి మాత్రం పోలా. గార్డు వెనక సందులో, ట్యూబ్ కింద చెప్పు రబ్బరు ముక్క పెట్టాకే తగ్గింది. పిడిని వదులుగా పట్టుకుంటే ఇదంతా దండగే.