కోళ్లు ఈకలు పీక్కుతింటున్నాయా? దాణాలో మెథియోనిన్ చూడండి

సమస్య

ఎండలు ముదిరాక లేయర్ (గుడ్ల కోసం పెంచే కోళ్ల) షెడ్లలో తరచూ కనిపించేదే ఇది. పక్క కోడి వీపు మీద, తోక మొదట్లో పొడిచి ఈక పీకుతాయి, పీకిన ఈకను మింగేస్తాయి. గుడ్ల లెక్క అంతగా పడిపోకముందే గుడ్డు సైజు తగ్గుతుంది. టెన్షన్‌లో చాలామంది ముందు ముక్కులు కత్తిరిస్తారు. దాంతో పొడవడం తగ్గవచ్చు కానీ, కోడికి లోపల ఉన్న మెథియోనిన్ అనే పోషకం కొరత అలాగే ఉంటుంది.

దాణాను అనుమానించే ముందు ఈకల మొదళ్లలో పేలు ఉన్నాయేమో చూడండి. కేజ్‌లో ఇరుకు, ఎక్కువ వెలుతురు, ఉప్పు తక్కువ కావడం కూడా ఇదే పని చేయిస్తాయి. వయసు మళ్లిన కోళ్లు ఒంటినిండా ఈకలు రాల్చి గుడ్లు ఆపేస్తే అది సహజంగా ఈకలు మార్చుకోవడం.

కారణం

ఈక దాదాపు మొత్తం కెరాటిన్ అనే ప్రోటీన్. దానికి గట్టిదనం ఇచ్చేది సిస్టీన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి వాటిలో ఒకటి)లోని గంధకం. గంధకం పరమాణువులు రెండేసి ముడిపడి ప్రోటీన్ పోగులను బిగించి ఉంచుతాయి. ఈక కాలితే వచ్చే ఘాటు వాసనకు ఆ గంధకం కూడా కారణమే. సిస్టీన్‌ను కోడి మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి చేసుకోగలదు. మెథియోనిన్ మాత్రం తిండిలోనే రావాలి. రెండూ తక్కువైతే ఉన్న కాస్త మెథియోనిన్‌ను ఈకా, గుడ్డూ పంచుకోవాల్సి వస్తుంది.

మొక్కజొన్న, సోయా కలిపిన దాణాలో అన్నిటికంటే ముందు తక్కువపడే అమైనో ఆమ్లం మెథియోనినే. బస్తా మీద ప్రోటీన్ శాతం చూసి సరిపెట్టుకుంటే ఈ లోటు కనిపించదు.

వేసవి లెక్క చూడండి. దాణాలో మెథియోనిన్ 0.37% ఉందనుకుందాం. రోజుకు 110 గ్రాములు తినే కోడికి సుమారు 407 మిల్లీగ్రాములు అందుతుంది. వేడికి 90 గ్రాములే తింటే 333 దగ్గర ఆగిపోతుంది. దాణా మారలేదు, మేత తగ్గింది, అంతే.

బూజు పట్టిన వేరుశనగ చెక్క వాడితే ఇంకా కష్టం. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషాన్ని విరవడానికి కాలేయం వాడే గ్లూటాథయోన్ తయారీకీ సిస్టీనే కావాలి.

పరిష్కారం

పై లెక్కలో లోటు పూడాలంటే, అంటే 90 గ్రాముల మేతలోనే ఆ 407 మిల్లీగ్రాములు అందాలంటే, దాణాలో 0.45% కావాలి. అంటే 100 కిలోలకు 80 గ్రాముల డీఎల్-మెథియోనిన్ (దాణాలో కలిపే మెథియోనిన్ పొడి) అదనం. మీ దాణా లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి పశువైద్యుడితోనో దాణా ఫార్ములా వేసేవారితోనో సరిచూసుకోండి. ఆ 80 గ్రాములను నేరుగా మిక్సర్‌లో పోయకండి. ముందు 2 కిలోల మొక్కజొన్న రవ్వలో, తర్వాత 10 కిలోల దాణాలో, ఆపైన మొత్తంలో కలపండి.

పెరటి కోళ్లకైతే నువ్వుల చెక్క, ఎండుచేపల పొడి మంచివి. నువ్వుల చెక్కలో మెథియోనిన్ బాగా ఉన్నా లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ, అదొక్కటే పెట్టకూడదు.

గంధకం పొడి కలిపితే సరిపోతుందని కొందరంటారు, దయచేసి అలా చేయకండి. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు గంధకం నుంచి ఈ అమైనో ఆమ్లాలను చేసిపెడతాయి. కోడికి ఆ ఏర్పాటు లేదు. మెథియోనిన్‌నూ మోతాదు మించనివ్వకండి. అమైనో ఆమ్లాల్లో ఎక్కువైతే బాగా హాని చేసేది ఇదే, మేతే మానేస్తాయి.

వారానికోసారి అవే 30 కోళ్ల గుడ్లు తూచి రాసుకోండి. ముందు తేరుకునేది గుడ్డు బరువే. మొదలుతో సహా ఊడిన ఈక కొన్ని వారాల్లో మళ్లీ వస్తుంది. మధ్యలో విరిగిన ఈక మాత్రం కోడి ఈకలు మార్చుకునేదాకా అలాగే ఉంటుంది.