నమ్మకంగా ఆన్‌లైన్ వ్యాపారం – 4వ పాఠం: కొనేవాళ్ళు చూడని తూకం

పోయిన పాఠంలో సరుకు ఫొటో తీయడం నేర్చుకున్నాం. బెల్లం ఫొటోకి ఫిల్టర్ పెట్టి మెరిపించొద్దని, కిటికీ పక్కన తెల్ల కాగితం మీద పెట్టి ఉన్న రంగే చూపించమని చెప్పాను. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు అడిగారు: "ముదురు రంగు బెల్లం చూస్తే ఎవరు కొంటారన్నా?" కొంటారమ్మా. హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలిపితే బెల్లం తెల్లబడుతుంది. మన చిత్తూరు పల్లెల్లో అది కలపకుండా వండిన బెల్లం ముదురుగానే ఉంటుంది. ఆ మాట ఫొటో కింద రెండు వాక్యాల్లో రాయండి చాలు.

ఈ పాఠం తూకం గురించి. దీన్ని నిదానంగా చదవండి.

సంతలో అయితే కొనేవాళ్ళ కళ్ళు త్రాసు మీదే ఉంటాయి. "ఇంకొంచెం మొగ్గు వెయ్యి నాయనా" అని అడిగి మరీ వేయించుకుంటారు. ఆన్‌లైన్‌లో ఆ కళ్ళు లేవు. రాత్రి పదింటికి మీ వంటింట్లో మీరు, త్రాసు, చింతపండు గంప, అంతే. బైబిల్లో సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనం దొంగ త్రాసు దేవునికి అసహ్యమనీ, సరైన గుండు ఆయనకు ఇష్టమనీ చెబుతుంది. ఎన్నోసార్లు చదివిన వచనమే. నాకు అది అర్థమైంది మాత్రం ఒక పార్సిల్ వల్ల.

మొదటి ఏడాది పుంగనూరు వైపు నుంచి కొత్త చింతపండు తెచ్చి, కాగితంలో చుట్టి, అట్టపెట్టెల్లో పంపేవాణ్ణి. హైదరాబాద్ నుంచి ఒక అక్క ఫొటో పంపింది. ఆమె త్రాసు మీద మా కిలో చింతపండు, పక్కన అంకె 940 గ్రాములు. తిట్టలేదు, ఏమీ రాయలేదు, ఫొటో ఒక్కటే. నాకు ముందు కోపం వచ్చింది, ఆమె త్రాసే తప్పనుకున్నాను. తర్వాత మిగిలిన ఒక పెట్టె విప్పి తూచాను. చుట్టిన కాగితమే 14 గ్రాములు. దాన్ని కూడా కిలోలో కలిపేసి తూచేవాణ్ణి. మిగతా 46 గ్రాములు పండులోని తడి, దారిలో ఆరిపోయింది.

ఆ దఫాలో 19 పార్సిళ్ళు వెళ్ళాయి. అడిగింది ఒక్కరే. ఆమెకు మాత్రం పంపి ఊరుకోవచ్చా అని రెండు రోజులు మథనపడ్డాను. లూకా సువార్తలో జక్కయ్య అనే పన్నులు వసూలు చేసేవాడు అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా. 60 గ్రాములకు నాలుగంతలంటే 240. పావుకిలో పొట్లాలు 19 కట్టాను, కొరియర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ నెల లాభం పోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం బాగా పట్టింది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ముందు త్రాసు. వంటింట్లో పిండి తూచుకునేది వ్యాపారానికి పనికిరాదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనండి, ఏడాదికోసారి మళ్ళీ ముద్ర వేయించండి. చదునైన బల్ల మీద పెట్టండి, ఫ్యాన్ గాలి తగలకూడదు. ఖాళీ కవర్, దాని మీద అంటించాల్సిన లేబుల్‌తో సహా, త్రాసు మీద పెట్టి "టేర్" బటన్ నొక్కండి. అంకె సున్నాకి వచ్చాకే సరుకు వేయండి. కిలోకి 1,005 దాకా రానివ్వండి, ఆ అయిదు గ్రాములు మన మొగ్గు. చింతపండును ముందే నీడన ఆరబెట్టి, గాలి చొరని కవర్లో సీల్ చేయండి.

"ఆరబెడితే నష్టం కదా?" అంటారు. నష్టాన్ని తూకంలో దాచొద్దు, ధరలో చూపించండి. కిలో 160 రూపాయలకు కొన్న పండు ఆరితే 950 గ్రాములు మిగిలిందనుకోండి. అప్పుడు ఆరిన పండు కిలో మీకు పడింది దాదాపు 168. పండు ఆరబెట్టిన అక్కలకు కూలి 20, కవరు లేబుల్ 12, అట్టపెట్టె 15, మీ లాభం 35. మొత్తం 250. ఇదే మీ ధర. 500 అని రాసి కొట్టేసి "సగం ధరకే" అనొద్దు. ఎప్పుడూ 500కి అమ్మనిది తగ్గించినట్టు చెప్పడం అబద్ధమే. కొరియర్ ఖర్చు డబ్బు కట్టే చివరి నిమిషంలో బయటపెట్టడం, మూట నిండా సరుకుండగా "ఇంకా రెండే ఉన్నాయి" అని తొందరపెట్టడం కూడా అంతే. ఈ చివరి రెండు పద్ధతులను 2023లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు వినియోగదారుణ్ణి మోసగించేవిగా పేర్కొన్నాయి. మనకు అంతకన్నా ముందే మత్తయి 5:37 ఉంది: అవునంటే అవును, కాదంటే కాదు.

లేబుల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 2011 ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం సరుకు పేరు, ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నికర తూకం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ప్యాక్ చేసిన నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. తినే సరుకు కాబట్టి ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా. నెల, సంవత్సరం తప్ప నిబంధనలు అడిగే వివరాలు ఆన్‌లైన్ పేజీలోనూ కనబడాలి.

లేబుల్ మీద బైబిల్ వాక్యం ముద్రిస్తే మన సంఘం వాళ్ళు ఎక్కువ కొంటారని ఒక తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోను. తిరుపతిలో మన సరుకు కొనేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు మన విశ్వాసం తెలియాలంటే ముందు కవర్లో కిలో నిండుగా ఉండాలి. దేవుని పేరు అమ్మకానికి సాధనం కాకూడదు.

అభ్యాసం: తెలిసిన కిరాణా కొట్టులో ముద్ర ఉన్న కిలో గుండు ఒక గంట అడిగి తెచ్చుకోండి. మీ త్రాసు మీద మూడుసార్లు పెట్టి, వచ్చిన అంకెలు నోటుబుక్కులో రాయండి. తర్వాత ఇప్పటికే సీల్ చేసి ఉంచిన ప్యాకెట్లలో అయిదు తీసి, విప్పి, కవరు పక్కన పెట్టి సరుకు మాత్రం తూచండి. ఏ ఒక్కటి తక్కువున్నా ఆ దఫా మొత్తం మళ్ళీ తూచండి. అదే దఫాలో ఇప్పటికే పంపిన ఆర్డర్ల పేర్లు కింద వరసగా రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం సరుకు వాపసు, డబ్బు వాపసు గురించి. ఆ పేర్లతోనే మొదలుపెడదాం.