కొత్త కోళ్లు గూటికి రావట్లేదా?

నల్లగొండ అంగడి నుంచి తెచ్చిన నాలుగు నాటు పెట్టలు పొద్దుగూకితే వేపచెట్టెక్కేవి. జాజు పూసి, ముగ్గులేసి మురిపెంగా కట్టిన గూడేమో ఖాళీ. తలుపుకు కట్టిన మెరుపు తోరణం గాలికి కదిలినప్పుడల్లా మెడ చాచి వెనక్కి జరిగేవి, పాపం. ముందు అది తీసేశాను.

చీకటి పడ్డాక ఒక్కోదాన్ని పట్టి లోపలి కట్టె మీద కూర్చోబెట్టాను. 4 రోజులు బయటికి వదల్లేదు. నీళ్లు లోపలే, రెండు పూటలా కోడికి పిడికెడు జొన్నలు. అయిదో రోజు పొద్దుగూకడానికి గంట ముందు వదిలి, గూట్లోనే గింజలు చల్లాను. మూడు వాటంతటవే వచ్చాయి. నాలుగోదాన్ని ఇంకో 2 రాత్రులు ఎత్తి పెట్టాల్సి వచ్చింది.

రేకుల గూడైతే మన ఎండాకాలంలో పగలు మూసి ఉంచొద్దు, ఉక్కకు చచ్చిపోతాయి. అప్పుడు చెట్టు నీడలో జాలీ కట్టి ఉంచి, రాత్రికే గూట్లో పెట్టండి.