నల్లపూసల దండ ఇంట్లోనే గుచ్చుకోవడం ఎలా? రోజూ మెడలో ఉండే దండకు కొలత, తీగ, కొస

నల్లపూసల దండ నడుమ తెగడం అరుదు. తెగేది కొస దగ్గర, హుక్కు ఉంగరానికి దారమో తీగో రాసుకునే రెండు మూడు మిల్లీమీటర్ల చోట. బస్సు ఎక్కేటప్పుడో, పత్తి ఏరేటప్పుడో ఆ కొస జారితే పూసలన్నీ నేల మీద రాలిపోతాయి. నల్లపూసలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. వాటి నడుమ ఉన్న బంగారు గుండ్లు దొరక్కపోతేనే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే రోజూ వేసుకునే దండకు పూసల అందం కంటే ముందు కొసల సంగతి చూసుకోవాలి. కింద చెప్పే పని ఓపికగా చేస్తే రెండు గంటల్లో అయిపోతుంది.

ముందు మెడ కొలత

దుకాణంలో "18 అంగుళాలు" అని చెప్పేది దండ పొడవు. అదే దండ సన్న మెడ మీద ఒక చోట ఉంటుంది, నిండు మెడ మీద ఇంకో చోట ఉంటుంది. ఒక దారం తీసుకుని మెడలో వేసుకోండి. అద్దం ముందు నిలబడి, దండ మధ్యలో ఉండే పగడం ఎక్కడికి రావాలనుకుంటున్నారో అక్కడ వేలితో పట్టుకోండి. ఆ దారాన్ని తీసి టేపు మీద కొలవండి. చాలామందికి 16 అంగుళాలు మెడ మొదట్లోకి, 18 కంటె ఎముకల దగ్గరికి, 24 రొమ్ము మీదికి వస్తుంది.

పుస్తెలతాడు కూడా మెడలోనే ఉండేవాళ్లు రెండింటికీ కనీసం నాలుగైదు అంగుళాల తేడా పెట్టుకోవాలి. రెండూ ఒకే పొడవు ఉంటే రాత్రి నిద్రలో పెనవేసుకుంటాయి. ఆ మెలిక తెల్లారి విప్పేటప్పుడే కొసలు సాగుతాయి.

ఇంకో మాట, ఇది అందానికి సంబంధించింది కాదు. గిర్నీలో, వడ్లు నూర్చే మిషన్ దగ్గర, కుట్టుమిషన్ మీద, మోటారు పక్కన పనిచేసేవాళ్లు పొడుగు దండ వేసుకోవద్దు. స్టీలు తీగతో గుచ్చిన దండ తొందరగా తెగదు. మామూలు రోజుల్లో అది మంచి గుణమే, మిషన్‌కు చిక్కుకుంటే అదే ప్రమాదం. అలాంటి పని ఉన్నవాళ్లు 16 లేదా 18 అంగుళాలకే ఆపి, రవిక లోపలికి వేసుకోవాలి. అంతకన్నా మంచిది, పనికి ముందు తీసి డబ్బాలో పెట్టడం.

ఏమేం కొనాలి

ఇక్కడి లెక్క 18 అంగుళాల ఒంటి వరుస దండకు.

నల్లపూసలు 2.5 మిల్లీమీటర్లవి. ఇవి సరాలుగా అమ్ముతారు. ఒక్కో సరం సాధారణంగా 14 నుంచి 16 అంగుళాలు ఉంటుంది. రెండు సరాలు తీసుకోండి. దండకు పట్టేవి 158, కానీ వంకర రంధ్రాలవి, అంచు పగిలినవి ఎన్నో కొన్ని పక్కకు పోతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ బజార్లలో గాజుల దుకాణాల్లో, మగ్గం వర్క్ సామాను అమ్మేచోట దొరుకుతాయి. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరల్లో పూసలోళ్ల దగ్గర కూడా ఉంటాయి. అక్కడ కొంటే గాజుపూసా, రంగేసిన ప్లాస్టిక్‌దా అని చూసుకోవాలి. చెంపకు ఆనిస్తే గాజు చల్లగా తగులుతుంది, గుప్పిట్లో వేసి ఆడిస్తే గలగలమంటుంది. ప్లాస్టిక్ తేలికగా ఉంటుంది, చప్పుడు మొద్దుగా వస్తుంది. అయినా అనుమానముంటే నెయిల్ పాలిష్ తీసే ద్రావణంలో దూది ముంచి ఒక పూసకు రుద్దండి. దూది నల్లబడితే పైన ఉన్నది రంగే. అలాంటిది చెమటకు మెడ మీదే దిగుతుంది.

5 మిల్లీమీటర్ల పగడం ఒకటి, దానికి రెండు పక్కలా 4 మిల్లీమీటర్ల గుండ్లు రెండు, మధ్యమధ్య వేసుకోవడానికి 3 మిల్లీమీటర్ల బంగారు పూసలు ఎనిమిది. వీటితో పాటు ఒక హుక్కు, టంకం వేసిన రెండు చిన్న ఉంగరాలు.

నైలాన్ తొడుగున్న స్టీలు తీగ. దుకాణంలో గేర్ వైర్ అనే అడగండి. 0.38 మిల్లీమీటర్లది రోజువారీ దండకు సరిపోతుంది. పూసల రంధ్రాలు మరీ సన్నగా ఉంటే 0.30 తీసుకోవాలి. 24 అంగుళాల ముక్క కావాలి. 2 మిల్లీమీటర్ల గేర్ లాక్‌లు, అంటే తీగ మీద నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టాలు, నాలుగు కొనండి. వాడేవి రెండే, పాడైతే ఇంకో రెండు చేతిలో ఉంటాయి. కొసలకు మగ్గం వర్క్ జర్దోసీ గొట్టం కొంచెం, మొన చదునుగా ఉండే చిన్న పటకారు, తీగ కత్తిరించేది ఉంటే చాలు.

హుక్కు విషయంలో పిసినారితనం వద్దు. మెడ వెనక చర్మానికి రోజంతా తగిలేది అదే. చౌక హుక్కుల్లో నికెల్ ఉంటుంది. చెమటతో కలిసి కొందరికి దురద, ఎర్రటి మచ్చలు తెస్తుంది. బంగారందో, వెండిదో పెట్టుకుంటే మంచిది. చెమటకు వెండి నల్లబడుతుంది గానీ తుడిస్తే పోతుంది.

బంగారు గుండ్లు కొనేటప్పుడు

నగల మీద హాల్‌మార్క్, అంటే బంగారం స్వచ్ఛత ముద్ర, 2021 జూన్ 16 నుంచి దేశంలో చాలా జిల్లాల్లో తప్పనిసరైంది. ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మడం 2023 ఏప్రిల్ 1 నుంచి కుదరదు. నగ మీది ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత వివరం కనిపిస్తుంది. అయితే 2 గ్రాముల లోపు వస్తువుకు ఈ నియమం వర్తించదు. విడి గుండ్లు దాదాపు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి గుండు మీద ముద్ర లేదని గొడవ పెట్టుకుని లాభం లేదు. బిల్లు మీద 22 క్యారెట్, 916 అని, మొత్తం బరువు, బంగారం నికర బరువు వేరువేరుగా రాయించుకోండి.

నికర బరువు ఎందుకంటే, బోలు గుండ్ల లోపల లక్క నింపుతారు. గట్టిగా ఉండడానికి అది అవసరమే. లక్క బరువును బంగారంగా లెక్కకట్టడం మాత్రం తప్పు. "లక్క ఎంత తీసేశారు?" అని అడిగితే తెలిసిన అవుసలి చెబుతాడు. లక్క ఉన్న గుండ్లను వేడి నీళ్లలో నానబెట్టకూడదు. లక్క మెత్తబడి రంధ్రంలోంచి కారుతుంది, దారికి అడ్డుపడుతుంది, గుండు సొట్టపోతుంది.

గుచ్చడం

ముదురు రంగు కాకుండా లేత రంగు టవల్ ఒకటి మంచం మీద కాదు, గట్టి బల్ల మీద పరవండి. నల్లపూస దాని మీద కనిపిస్తుంది, దొర్లదు.

మొదటి పని పూసల ఏరివేత. రంధ్రం పెద్దగా ఉన్నవి ఎనిమిది విడిగా తీసిపెట్టండి. వీటి సంగతి చివర్లో తెలుస్తుంది. అంచు పగిలిన పూసను దయతలచి వాడొద్దు. పగిలిన గాజు అంచు కత్తిలాంటిది, తీగ మీది నైలాన్‌ను రోజూ కొంచెం కొంచెం గీరుతుంది.

వరుసను పగడం నుంచి మొదలుపెట్టాలి, కొస నుంచి కాదు. తీగ సరిగ్గా మధ్యలో పగడం ఉంచండి. దానికి అటూ ఇటూ ఒక్కో గుండు. ఆ తర్వాత ఒక్కో పక్కన 15 నల్లపూసలు, ఒక బంగారు పూస, మళ్లీ 15, ఒక బంగారు పూస. ఇలా నాలుగు బంగారు పూసలు అయ్యాక చివర 19 నల్లపూసలు. మొత్తం ఒక్కో పక్కకు 79 నల్లపూసలు. ఆఖరి 19 మెడ వెనక్కి పోతాయి, అక్కడ బంగారం పెట్టినా ఎవరికీ కనిపించదు. ఈ ఆఖరి వాటిలో కొసకు దగ్గరగా ఉండే నాలుగు పూసలు, మీరు విడిగా తీసిన పెద్ద రంధ్రాలవి కావాలి.

ఈ లెక్కకు పూసల వరుస 17 అంగుళాలు, హుక్కు, ఉంగరాలు కలిపి మరో అంగుళం, మొత్తం 18. పూసల సైజుల్లో తేడా వల్ల పావు అంగుళం అటూ ఇటూ కావచ్చు. మెడ కొలత వేరైతే చివరి నల్లపూసల దగ్గరే పెంచండి, తగ్గించండి. ముందరి వరుస కదపొద్దు. కొసలు బిగించే ముందు తీగకు రెండు పక్కలా బట్టల క్లిప్పులు పెట్టి మెడలో ఒకసారి చూసుకోవాలి. తక్కువైందని తర్వాత విప్పడమంటే మళ్లీ మొదటి నుంచి గుచ్చడమే.

కొస బిగించడం

ఇక్కడ తొందర పనికిరాదు.

తీగ కొసకు ఒక గేర్ లాక్ ఎక్కించండి. తర్వాత మగ్గం వర్క్‌లో వాడే జర్దోసీ, అంటే స్ప్రింగులా చుట్టి ఉండే సన్నని గొట్టం, 5 మిల్లీమీటర్ల ముక్క తీగకు తొడగండి. తీగను టంకం వేసిన ఉంగరంలోంచి దూర్చండి. జర్దోసీ ముక్క సరిగ్గా ఉంగరం మీద వంగేలా చూసి, తీగ కొసను మళ్లీ గేర్ లాక్‌లోంచి వెనక్కి తీయండి. ఇప్పుడు ఉంగరానికి రాసుకునేది ఆ ముక్క, తీగ కాదు. కొన్నాళ్లకు జర్దోసీ రంగు పోతుంది, మెడ వెనక కదా, పర్వాలేదు.

వెనక్కి వచ్చిన తోకను ఆ నాలుగు పెద్ద రంధ్రాల పూసల్లోకి దూర్చండి. 0.38 తీగ రెండు వరుసలంటే 0.76 మిల్లీమీటర్లు. మామూలు పూసలో పట్టదు, బలవంతం చేస్తే పూస పగులుతుంది. అందుకే ముందే ఏరిపెట్టింది.

మెల్లగా లాగి, పూసల నడుమ మొత్తం మీద 2 మిల్లీమీటర్ల వదులు ఉంచండి. ఇది తప్పనిసరి. పూసలను బిర్రుగా లాగి బిగిస్తే దండ కర్రలా నిలబడుతుంది, మెడ మీద వాలదు. వంగినప్పుడల్లా ఆ ఒత్తిడంతా గేర్ లాక్ మీద పడుతుంది. మరీ వదులైతే పూసల మధ్య తీగ కనిపిస్తుంది, వెంట్రుకలు చిక్కుకుంటాయి.

ఇప్పుడు పటకారుతో గేర్ లాక్‌ను నొక్కండి. లోపల రెండు తీగలూ పక్కపక్కన ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే నొక్కినప్పుడు పైది కిందిదాన్ని కోస్తుంది. చదునుగా అయ్యేదాకా నొక్కి ఆపండి. ఇంకా గట్టిగా నొక్కితే లాక్ అంచు పగులుతుంది, గోరుకు గరుకుగా తగులుతుంది. అలా తగిలితే ఆ లాక్ తీసేసి కొత్తది వేయడమే దారి. చివరగా తోకను పూసను ఆనుకుని కత్తిరించండి. మొన బయట ఉంటే మెడను గీరుతుంది. రెండో కొస కూడా ఇలాగే.

పరీక్ష సులువు. దండను మేకుకు తగిలించి, సంచిలో అర కిలో పప్పు వేసి రాత్రంతా వేలాడదీయండి. పొద్దున గేర్ లాక్ దగ్గర తీగ జరిగినట్టు కనిపిస్తే ఆ కొస మళ్లీ వేయాలి.

దారంతోనే కావాలంటే

గుండ్ల రంధ్రాలు పెద్దవై, వరుసకు మెత్తటి వాలు కావాలంటే నైలాన్ దారమే బాగుంటుంది. దారం రెండు పోగులు చేసి మైనం రాయండి, పోగులు విడిపోవు. ప్రతి బంగారు పూసకు అటూ ఇటూ ముడి వేస్తే, ఎక్కడ తెగినా అన్నీ రాలవు. కొస ముడికి 3 మిల్లీమీటర్ల తోక వదిలి, వెలుగుతున్న అగర్‌బత్తి మొనను దగ్గరకు తెండి. తోక కరిగి బొడిపెలా గడ్డకడుతుంది. నూలు దారానికి ఇది పనిచేయదు, కాలిపోతుంది. దారం చెమట, నూనె తాగుతుంది. నల్లబడినా, లాగితే సాగుతున్నా మళ్లీ గుచ్చుకోవాలి. ఏడాదికి ఒకసారి చూడకుండా వదలొద్దు.

వాడుకలో

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డి కడుతుంది. అది పూసల మధ్య పేరుకుని గుండ్ల మెరుపు పోగొడుతుంది. స్నానానికి ముందు దండ తీసేయడం మేలు. తీయలేనివాళ్లు వారానికి ఒకసారి ఫిల్టర్ నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. గుండ్లు మసకబారితే గోరువెచ్చని కుంకుడు రసంలో మెత్తటి బ్రష్ ముంచి వాటి మీదే రుద్దండి, దండనంతా నానబెట్టొద్దు. చింతపండు, నిమ్మకాయ పగడానికి తగలకూడదు. పగడం సున్నపు పదార్థం, పులుపుకు పైపొర తినేసి తెల్లగా పాలిపోతుంది. సెంటు కొట్టుకునేవాళ్లు అది ఆరాకే దండ వేసుకోవాలి.

తీసినప్పుడు గుండ్రంగా చుట్టి నూలు గుడ్డలో పెట్టండి. గట్టిగా మడిచి పర్సులో కుక్కితే తీగకు మడత పడుతుంది. ఆ మడత మళ్లీ చదును కాదు. నెలకొకసారి హుక్కు దగ్గర రెండు కొసలనూ వెలుతురులో పట్టుకుని చూడండి. నైలాన్ తొడుగు ఊడి లోపలి స్టీలు మెరుస్తుంటే, తీగ కొత్తది వేయాల్సిన రోజు వచ్చినట్టే. పూసలు, గుండ్లు, హుక్కు అవే మళ్లీ పనికొస్తాయి, కొనాల్సింది 24 అంగుళాల తీగ, రెండు గేర్ లాక్‌లు, జర్దోసీ ముక్క అంతే.