వడ్ల పైసలు పడే ముందే ఫోన్ భద్రం చేసుకోండి

దసరా దాటిందంటే మిర్యాలగూడ, హాలియా దిక్కు వరికోతలు ఊపందుకుంటాయి. వడ్లు ఆరబోసి, తేమ 17 శాతానికి దిగేదాకా కాపలా కాసి, కాంటా అయిపోయాక రైతు కళ్లన్నీ ఫోన్ మీదే ఉంటాయి. పైసలు పడ్డాయా? సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ వచ్చిందా? సైబర్ మోసగాళ్లకూ ఇదే అదను. బ్యాంకు మెసేజ్ కోసం ఎదురుచూసే మనిషి ఏ మెసేజ్ వచ్చినా తెరుస్తాడు. అందుకే కోత మిషన్ మాట్లాడుకునే రోజుల్లోనే ఈ పని కూడా చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఏపీకే ఫైలుతో. అది వాట్సాప్‌లో వస్తుంది. పేరు పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో, బ్యాంకు కేవైసీ అనో ఉంటుంది. ఒక్కోసారి పెళ్లిపత్రిక అని కూడా ఉంటుంది. ఫైలు పేరు చివర చుక్క, దాని పక్కన ఏపీకే అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది పత్రికా కాదు, చలానూ కాదు, ఫోన్లోకి చొరబడే యాప్. నొక్కితే ఇది ప్లే స్టోర్ నుంచి వచ్చింది కాదని ఫోనే హెచ్చరిస్తుంది. అక్కడ ఆగిపోతే నష్టం లేదు. ముందుకు పోయి మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే బ్యాంకు ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. ‘నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదు సార్’ అని బాధితులు మొత్తుకునేది నిజమే. చెప్పాల్సిన అవసరమే రాదు మరి. ఆ తర్వాత మీ వాట్సాప్ నుంచే అదే ఫైలు ఊరి గ్రూపుకూ, అల్లుడికీ, బావమరిదికీ పోతుంది. తెలిసినోళ్లు పంపారు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇక ఫోన్లో చేయాల్సినవి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే అదనంగా ఒక పిన్, పెట్టండి. యూపీఐ పిన్ పుట్టిన సంవత్సరమో, బండి నంబరో కాకుండా మార్చండి. పైసలు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో ముసలివాళ్లకు బాగా తలకెక్కించాలి. వేలిముద్రతో పైసలు తీసుకునే అలవాటు లేనివాళ్లు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు. రేషన్ షాపులో వేలు పెట్టే ముందు మాత్రం లాక్ తీయాలి, లేదంటే అక్కడ లైన్లో నిలబడి టెన్షన్. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూసుకుని, మీవి కానివి తీసేయమని అక్కడే కోరవచ్చు.

పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్ల ఇళ్లలో ఇంకో ముప్పు ఉంది. ‘మీ కొడుకు కేసులో ఇరుక్కున్నాడు, వీడియో కాల్ కట్ చేయొద్దు’ అంటూ పోలీసు వేషంలో బెదిరిస్తారు. ఇలా వీడియో కాల్‌లోనే అరెస్ట్ చేశామనడాన్ని డిజిటల్ అరెస్ట్ అంటున్నారు, అలాంటిది మన చట్టంలో ఎక్కడా లేదు. కట్ చేసి, నేరుగా కొడుక్కే ఫోన్ చేయండి.

బడిలో, కాలేజీలో పాస్‌వర్డ్‌ల పాఠం చెబుతున్నారు, మంచిదే. నా మటుకు దానికంటే ముందు చెప్పాల్సింది బ్యాంకు ఖాతాల సంగతి. ‘నీ అకౌంట్ కొన్ని రోజులు ఇయ్యి తమ్మీ, కమీషన్ ఇస్తం’ అని డిగ్రీ పిల్లలను పట్టుకుంటారు. దోచిన సొమ్ము ఆ ఖాతాల గుండానే పోతుంది. పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే.

ఎరువుల దుకాణం, రైస్ మిల్లు నడిపేవాళ్లు పొద్దున షట్టర్ ఎత్తగానే క్యూఆర్ కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అంటించారేమో గోరుతో గీకి చూడాలి. ‘మా ఖాతా మారింది, ఈ నంబరుకు వేయండి’ అని మెసేజ్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే వేయాలి. ఆఫీసు కంప్యూటర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి గోడకు అంటించే అలవాటు చాలాచోట్ల ఉంది. ముందు ఆ కాగితం పీకేయండి.

ఇన్ని చేసినా పైసలు పోయాయనుకోండి. ఊళ్లో ఏమనుకుంటారోనని దాచొద్దు. ఫోన్‌లో డేటా, వైఫై ఆపి, సిమ్ తీసి, వేరే ఫోన్ నుంచి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు చెప్పండి. ఎంత తొందరగా చెబితే, సొమ్ము ఖాతాలు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. ఏ ఖాతా నుంచి, ఎంత, ఎప్పుడు పోయిందో, లావాదేవీ నంబరు ఏమిటో దగ్గర పెట్టుకోండి. ఆ ఫైలు మీ నంబరు నుంచి ఏ గ్రూపులకు పోయిందో అక్కడ ‘తెరవొద్దు’ అని వేరే ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టించండి. చదువు రానివాళ్లకు అక్షరాల కంటే మీ గొంతే తొందరగా అందుతుంది.