అనునాద మాధ్యమంలో లేజర్ పల్స్: నాలుగవ పాఠం – పల్స్ వైశాల్యాన్ని లెక్కగట్టడం

గుంటూరులో భౌతికశాస్త్రంతో డిగ్రీ చదివినవారికి, న్యూటన్ వలయాల ప్రయోగం కోసం చీకటి గదిలో వెలిగించే సోడియం దీపం గుర్తుండే ఉంటుంది. ఆ దీపానికీ ఒక తెల్లకాగితానికీ నడుమ బర్నర్ వెలిగించి, ఉప్పునీటిలో ముంచిన తీగను మంటలో ఉంచితే, పసుపుపచ్చగా వెలుగుతున్న ఆ మంటే కాగితం మీద నల్లని నీడ వేస్తుంది. మంటలోని సోడియం పరమాణువులు దీపం నుంచి వచ్చే 589 నానోమీటర్ల కాంతిని పీల్చుకొని అన్ని దిక్కులకూ వెదజల్లడమే దీనికి కారణం. అనునాద శోషణ అంటే ఏమిటో కళ్లతో చూడడానికి ఇంతకంటే సులువైన మార్గం నాకు తెలియదు.

ఆ శోషణను కొలిచే విధానాన్ని గత పాఠంలో నేర్చుకున్నాం. శోషణ గుణకాన్ని మాధ్యమం పొడవుతో గుణిస్తే వచ్చే సంఖ్యను శోషణ మందం అన్నాం. అది 5 అయితే, నిలకడగా ప్రసరించే బలహీనమైన కాంతిలో సుమారు 148వ వంతు మాత్రమే అవతలికి చేరుతుంది. అయితే ఈ నియమం చెల్లాలంటే, పరమాణువు తాను కాంతితో కలిసి ఊగిన లయను త్వరగా మరచిపోవాలి. ఆ మరపు కంటే ముందే ముగిసిపోయేంత పొట్టి పల్స్ వస్తే కథ మారుతుంది. రుబిడియం అనే లోహపు పరమాణువు ఉత్తేజిత స్థాయిలో (కాంతిని పీల్చుకొని చేరే పై స్థాయిలో) సగటున 27 నానోసెకన్ల దాకా ఉంటుంది కనుక, 2 నానోసెకన్ల పల్స్ దాని దృష్టిలో పొట్టిదే.

అలాంటి పల్స్ ముందుభాగం పరమాణువును పై స్థాయికి ఎత్తుతుంది. పల్స్‌కు తగినంత బలం ఉంటే, దాని వెనుకభాగం అదే పరమాణువును కిందికి దించి, ముందుభాగం అప్పుగా ఇచ్చిన శక్తిని తిరిగి వసూలు చేసుకుంటుంది. పల్స్ ఎంత మేరకు ఎత్తుతుంది, ఎంత మేరకు దించుతుంది అన్నది చెప్పే కొలతే పల్స్ వైశాల్యం. విద్యుత్ క్షేత్రపు కంపన పరిమితిని కాలంతో పాటు గీస్తే వచ్చే వక్రరేఖ కింది వైశాల్యాన్ని పరమాణువు ద్విధ్రువ భ్రామకంతో (క్షేత్రానికి అది ఎంత బలంగా స్పందిస్తుందో చెప్పే కొలతతో) గుణించి, క్షీణించిన ప్లాంక్ స్థిరాంకంతో (ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగిస్తే వచ్చేదానితో) భాగించాలి. వచ్చేది ఒక కోణం. దానిని డిగ్రీలలోకి మార్చుకుంటే, 180 డిగ్రీల పల్స్ పరమాణువును పూర్తిగా పై స్థాయిలో వదిలి వెళ్తుంది, 360 డిగ్రీల పల్స్ మళ్లీ భూస్థాయికి, అంటే మొదటి కింది స్థాయికి, చేర్చి వెళ్తుంది.

ఇక్కడ చాలామంది వైశాల్యాన్నీ శక్తినీ ఒకటే అనుకొని పొరబడతారు. పల్స్ నిడివిని సగం చేసి అదే వైశాల్యాన్ని నిలపాలంటే క్షేత్రం రెట్టింపు కావాలి. తీవ్రత క్షేత్రపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది నాలుగింతలవుతుంది, శక్తి రెండింతలవుతుంది.

1967లో మెక్కాల్, హాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ద్రవ హీలియంతో చల్లబరచిన కెంపు స్ఫటికంలోకి కెంపు లేజర్ పల్సులను పంపి, తగినంత బలమైన పొట్టి పల్స్ శోషించే మాధ్యమం గుండా కూడా నష్టపోకుండా సాగిపోగలదని నిరూపించారు. దీనికి స్వయంప్రేరిత పారదర్శకత అని పేరు. వారి వైశాల్య సిద్ధాంతాన్ని చేతి లెక్కకు అనువుగా ఇలా చెప్పుకోవచ్చు: లోపలికి వెళ్లే వైశాల్యంలో సగం కోణానికి టాన్జెంట్ తీసుకోండి, 2.718ను శోషణ మందంలో సగం ఘాతానికి హెచ్చించి, ఆ ఫలితంతో టాన్జెంట్‌ను భాగించండి. వచ్చిన విలువ బయటికి వచ్చే సగం కోణపు టాన్జెంట్ అవుతుంది.

శోషణ మందం 5, లోపలికి వెళ్లే వైశాల్యం 162 డిగ్రీలు అనుకుందాం. సగం 81, దాని టాన్జెంట్ 6.314. 2.718ను 2.5 ఘాతానికి హెచ్చిస్తే 12.18. భాగిస్తే 0.518, అంటే 27.4 డిగ్రీలు. బయటికి వచ్చే వైశాల్యం సుమారు 55 డిగ్రీలే. ఇప్పుడు 198 డిగ్రీలతో మొదలుపెట్టండి. సగం 99, టాన్జెంట్ రుణ 6.314, భాగిస్తే రుణ 0.518. కాలిక్యులేటర్ రుణ 27.4 చూపిస్తుంది, దానికి 180 కలపడం మరువకండి. సగం కోణం 152.6, వైశాల్యం 305. ప్రవేశించేటప్పుడు 36 డిగ్రీల తేడా మాత్రమే ఉన్న రెండు పల్సులలో ఒకటి సున్నా వైపు కుంగిపోతోంది, రెండవది 360 వైపు పెరుగుతోంది. ఈ రెండు వరుసలనూ కాగితం మీద మీ చేత్తో వేసి చూసుకోకుండా ముందుకు వెళ్లవద్దని నా గట్టి మనవి.

360 డిగ్రీలకు చేరిన పల్స్ నష్టపోదు గానీ ఆలస్యమవుతుంది. ఇచ్చిపుచ్చుకోవడానికి సమయం పడుతుంది కదా. శోషణ రేఖ పల్స్ వర్ణపటం కంటే వెడల్పుగా ఉన్నప్పుడు, ఆ ఆలస్యం శోషణ మందాన్ని పల్స్ కాలమానంతో గుణించి సగం చేసినంత ఉంటుంది. శోషణ మందం 5, కాలమానం 2 నానోసెకన్లు అయితే ఆలస్యం 5 నానోసెకన్లు. 10 సెంటీమీటర్ల శూన్యాన్ని కాంతి నానోసెకనులో మూడో వంతు కాలంలో దాటుతుంది కనుక, ఇది చిన్న ఆలస్యం కాదు.

రుబిడియం ఆవిరిలో ఈ ప్రయోగాలను 1970ల తొలినాళ్లలో స్లషర్, గిబ్స్ ఎంతో నిశితంగా చేశారు. ఆ లోహం 39 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది. విజయవాడ మే నెల ఎండకు గాజుగొట్టంలోనే ద్రవమైపోతుంది. గొట్టాన్ని ఇంకా వేడిచేసే కొద్దీ ఆవిరి చిక్కనై శోషణ మందం పెరుగుతుంది.

అభ్యాసంగా, శోషణ మందాన్ని 10గా తీసుకొని 90, 270, 468 డిగ్రీల పల్సులకు లెక్క కట్టండి. మూడవదానిలో సగం కోణం 234 అవుతుంది. ఈసారి కూడా 180 కలపాలా అన్నది ముందుగా ఆలోచించుకోండి. 540 దాటిన పల్స్ 720 వైపు సాగుతూ రెండు 360 డిగ్రీల పల్సులుగా ఎలా చీలిపోతుందో ఐదవ పాఠంలో చూద్దాం.